నాలుగవ టిబెటన్ క్రియ నాకు పట్టుబడిన తీరు: నా అనుభవం

టిబెటన్ క్రియలంటే యోగాసనాల్లా వరుసగా చేసే ఐదు వ్యాయామాలు. ఈ రోజు ఉదయం ఆ ఐదింటినీ ఒక్కొక్కటి 21 సార్ల చొప్పున, మధ్యలో ఎక్కడా కూలబడకుండా పూర్తి చేశాను. నాకిప్పుడు 54 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఒంటికి పట్టిన చెమట ఆరకముందే ఇది రాయాలనిపించింది.

వెల్లకిలా పడుకుని కాళ్లనూ తలనూ కలిపి పైకెత్తే రెండవ క్రియ, మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వాలే మూడవది, అరచేతులూ కాలివేళ్లూ నేలకు ఆనించి నడుమును పైకెత్తి (అధోముఖ శ్వానాసనం), కిందికి దించుతూ (ఊర్ధ్వముఖ శ్వానాసనం) ఊగే ఐదవది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. చేతులు చాచి కుడివైపుగా గిరగిరా తిరిగే మొదటి క్రియలో కళ్లు తిరిగేవి కానీ, కూచిపూడి నేర్చుకున్న మా అమ్మాయి, నాట్యంలో గిరగిరా తిరిగే భ్రమరిలో చేసినట్టు చూపును ఒక చోట నిలిపి తలను చివరి క్షణంలో తిప్పమని చెప్పిన తరువాత ఆ బాధ చాలావరకు తగ్గింది.

నన్ను ఏడిపించింది నాలుగవదే. కాళ్లు చాపి కూర్చుని, అరచేతులను తుంటికి ఇరుపక్కలా నేల మీద ఆనించి, గడ్డాన్ని ఛాతీకి తాకించి, ఆ తరువాత తల వెనక్కి వాలుస్తూ మోకాళ్లు మడిచి, మొండెం బల్లలా నేలకు సమాంతరంగా నిలిచే వరకు లేవాలి. హైదరాబాదులో నేను చేరిన శిక్షణ కేంద్రంలో మొదటి రోజే అందరిచేతా 21 సార్లు చేయించారు. నాలుగవ క్రియలో ఐదోసారికి నా మణికట్లు వణికాయి, మడమలు నున్నటి గచ్చు మీద ముందుకు జారిపోయాయి, నడుము లేవనే లేదు. అప్పుడు ఆ శిక్షకుడు తరగతినంతా ఆపి, "అందరూ ఇటు చూడండి, నడుము ఇలా వేలాడకూడదు" అని నన్ను చూపించాడు. ఇరవై మంది మెడలు తిప్పి చూశారు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఇది మీ వల్ల కాదు, కుర్చీ యోగాలో చేరండి" అన్నాడు. నా కొడుకు వయసువాడు. ఆ రాత్రి భుజం నొప్పి కంటే ఆ మాటే నన్ను ఎక్కువగా నిద్రపోనివ్వలేదు. మర్నాటి నుంచి వెళ్లలేదు. మూడు నెలల రుసుము ముందే కట్టించుకున్నారు, ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. ఎవరైనా సరే, ఒక్క నెలకు మించి ముందుగా కట్టకండి.

ఆ శిక్షకుడు వీటిని వేల ఏళ్ల నాటి లామాల రహస్యమని చెప్పి ఆ రోజు మమ్మల్ని బెదరగొట్టాడు. మైసూరు దగ్గరి బైలకుప్పె టిబెటన్ స్థావరానికి వెళ్లినప్పుడు ఒక వృద్ధ భిక్షువును అడిగితే, ఈ ఐదింటి సంగతి తాను వినలేదనీ, తమ సంప్రదాయంలో శ్వాసను బిగపట్టి చేసే త్రుల్‌ఖోర్ అనే సాధన ఉందనీ, దానిని గురువు దగ్గరే నేర్చుకోవాలనీ శాంతంగా చెప్పారు. ఈ ఐదు క్రియలు లోకానికి తెలిసింది 1939లో పీటర్ కెల్డర్ అనే రచయిత ప్రచురించిన చిన్న పుస్తకం ద్వారా. మొదటి వారం మూడేసి సార్లు చేసి, వారానికి రెండేసి పెంచుకుంటూ పదో వారానికి 21కి చేరమని ఆ పుస్తకమే చెబుతోంది. అంటే ఏ ప్రాచీనతను అడ్డుపెట్టుకుని మమ్మల్ని హింసించారో, దాని మూలంలోనే ఆ హింస లేదు. పెద్దవాళ్లకు నేర్పేవాడికి ఓర్పు లేకపోతే నేర్పే పని మానుకోవాలి. ఇది కోపంతో అంటున్న మాటే అయినా వెనక్కి తీసుకోను.

ఇంట్లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మిగతా నాలుగింటిని మూడేసి సార్లతో ఆరంభించి, నాలుగవ క్రియ జోలికి మాత్రం ఆరు వారాలు వెళ్లలేదు. ఆ ఆరు వారాలూ వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుమును పైకెత్తే సేతుబంధాసనం చేశాను, వీపు వెనుక వేళ్లు పెనవేసి చేతులను నెమ్మదిగా పైకెత్తుతూ భుజాలను వదులు చేసుకున్నాను. అసలు కిటుకు ఒకరోజు అద్దం ముందు పక్కకు తిరిగి చేస్తుంటే తెలిసింది. మడమలూ అరచేతులూ పెట్టిన చోట నుంచి అంగుళం కూడా కదలకూడదు. తుంటి ఆ చేతుల మధ్య నుంచి ముందుకు సాగి పైకి లేవాలి, అప్పుడే మోకాళ్లు మడమల మీదికీ భుజాలు మణికట్ల మీదికీ సూటిగా వస్తాయి. నేను ఇన్నాళ్లూ తుంటిని ఉన్నచోటనే నిటారుగా ఎత్తాలని చూస్తూ, మడమలను జారనిచ్చాను. మేజోళ్లు తీసేసి, గరుకైన తివాచీ పరిచి, వేళ్లను పాదాల వైపు తిప్పి పెట్టి, మెడను పూర్తిగా వదిలేయకుండా అదుపులో ఉంచి లేచిన రోజున నడుము మొదటిసారి బల్లలా నిలిచింది. మిగిలిన నాలుగూ పదో వారానికే 21కి చేరగా, ఇది పదహారో వారంలో, అంటే ఈ ఉదయం చేరింది.

తల తిరిగే జబ్బు, మెడ నొప్పి, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఆ తరగతిలో నా పక్క చాప మీద చేసిన ఒకావిడ కూడా నాలుగు రోజులకే మానేశారని విని, నిన్న ఫోను చేశాను. ఆదివారం ఉదయం ఆరింటికి మా ఇంటికి వస్తానన్నారు. ఆవిడ చేత నాలుగవది వదిలి మిగతా నాలుగు క్రియలే, మూడేసి సార్లు చేయిస్తాను.