పేరు లేని నాలుగో జంతువు

పోయిన వారం మా పిన్ని ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "ఏరా, ఎలుగుబంటంటే రష్యానేనంటగా, నిజమేనా?" అంది. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారట. అందులో బైబిల్లో దానియేలు గ్రంథం ఏడో అధ్యాయం, అంటే దానియేలు కలలో చూసిన నాలుగు జంతువుల కథ మొత్తాన్నీ టీవీ వార్తలకి అంటగట్టేశారు. సింహం ఇంగ్లండు, దాని రెక్కలు పీకితే వచ్చింది అమెరికా, ఎలుగుబంటి రష్యా, చిరుతపులి జర్మనీ. పిన్నికి ఆ రాత్రంతా నిద్ర లేదు. అసలే బీపీ మనిషి.

నాకు మాత్రం అది వినగానే మా ఊరి క్రైస్తవ సభలు గుర్తొచ్చాయి. గుంటూరు జిల్లాలో మా పల్లె, తొంభైల మొదట్లో, కోతలయ్యాక మూడు రాత్రులు సభలు. ఒక ఏడు వచ్చిన ప్రసంగీకుడు స్టేజీ వెనకాల పెద్ద తెల్లగుడ్డ కట్టించాడు. దాని మీద నాలుగు జంతువులు, ఎవరో బోర్డులు రాసే పెయింటరు చేత వేయించినట్టున్నాడు. రెక్కల సింహం బాగానే వచ్చింది. ఎలుగుబంటి నోట్లో మూడు పక్కటెముకలు చెరుకు ముక్కల్లా ఉన్నాయి. నాలుగు తలల చిరుతపులికి చోటు చాలక ఒక తల మెడ కింద నుంచి మొలిచింది. ఇక నాలుగోదానికి బైబిల్లో ఏ జంతువో చెప్పలేదు కాబట్టి పెయింటరు తన తెలివంతా వాడి మొసలి నోరు, ఖడ్గమృగం ఒళ్ళు, గేదె కొమ్ములు పది పెట్టేశాడు. పిల్లలం దాని వంక చూడ్డానికే భయపడేవాళ్ళం, చూడకుండా ఉండలేకపోయేవాళ్ళం.

ఆయన కర్ర పెట్టి ఆ పది కొమ్ముల్నీ చూపిస్తూ, ఇవి యూరప్‌లో ఒక్కటైన పది దేశాలు, పదీ పూర్తయ్యాయి, ఇక క్రీస్తు విరోధి రావడమే తరువాయి అన్నాడు. జనం గుండెలు పట్టుకుని విన్నారు. చాలా ఏళ్ళ తర్వాత చూసుకుంటే తేలిందేంటంటే, 1981లో గ్రీసు చేరడంతో ఆ కూటమి నిజంగానే పది దేశాలైంది, కానీ 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండయ్యాయి. అంటే మేం చాపల మీద కూర్చుని వణికేనాటికే లెక్క తప్పి అయిదారేళ్ళయింది. ఇప్పుడు 27. ఆయన అబద్ధమాడాడని అనను, ఆయనకి ఆ గుడ్డ ఇచ్చినవాళ్ళు దాన్ని ఎప్పుడు రాయించారో ఏమో.

పిన్నికి ఫోన్‌లో చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ జంతువుల్ని చదివే పద్ధతి ఒకటుంది, దాన్ని ఎక్కడో వెతకక్కర్లేదు, దానియేలు గ్రంథమే నేర్పిస్తుంది.

ముందు ఎనిమిదో అధ్యాయం చదవాలి, ఏడు కాదు. షూషను కోటలో, ఊలయి నది ఒడ్డున ఒక పొట్టేలు. దానికి రెండు కొమ్ములు, వెనక మొలిచిన కొమ్మే ఎక్కువ పొడుగు. పడమటి నుంచి ఒక మేకపోతు కాళ్ళు నేలకి ఆనకుండా దూసుకొచ్చి పొట్టేలుని పడగొట్టి తొక్కేస్తుంది. దాని కళ్ళ మధ్య ఒకే పెద్ద కొమ్ము. బలం మీద ఉండగానే అది విరిగిపోతుంది, దాని చోట నాలుగు లేస్తాయి. ఇదేంటో మనం ఊహించక్కర్లేదు, గబ్రియేలు దూత నోటితోనే చెప్పించారు: పొట్టేలు మాదీయ పారసీక రాజులు, మేకపోతు గ్రేకుల రాజు. వెనక మొలిచి పొడుగైన కొమ్ము పారసీకులు, మాదీయుల తర్వాత లేచి వాళ్ళనే మించిపోయారు. నేలకి ఆనని కాళ్ళు అలెగ్జాండరు వేగం, క్రీ.పూ. 334లో ఆసియాలో అడుగుపెట్టినవాడు 331కల్లా గాగమేల దగ్గర పారసీక రాజు దరియావేషు సైన్యాన్ని చిత్తు చేశాడు. 323లో బబులోనులోనే, 33 ఏళ్ళయినా నిండకుండా పోయాడు. ఆ తర్వాత సేనాపతులు రాజ్యాన్ని పంచుకున్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి, నాకు చాలా ఇష్టమైనది. మన తెలుగు బైబిల్లో గ్రేకులు అని ఉన్నచోట హీబ్రూలో ఉన్న మాట యావాన్. ఆదికాండం పదో అధ్యాయంలో యాపెతు కొడుకుల్లో యావాను ఉన్నాడు చూడండి, అదే పేరు. మన పాత పుస్తకాల్లో యవనులు అంటామే, అదీ అదే మాట, అయోనియా గ్రీకుల పేరు నుంచి అటు హీబ్రూలోకీ ఇటు సంస్కృతంలోకీ వచ్చింది. అనువాదంలో "యవనుల రాజు" అని పెట్టి ఉంటే మన పెద్దవాళ్ళు ఠక్కున అర్థం చేసుకునేవాళ్ళేమో.

సరే, ఈ అధ్యాయం నుంచి నేను నేర్చుకున్నదేంటంటే, జంతువు అంటే ఒక రాజ్యం, కొమ్ము అంటే అధికారం లేదా ఒక రాజు, జంతువు నడక కూడా ఆ రాజ్యం నడకే. ఇది దూత ఇచ్చిన తాళం. కానీ ఇదే తాళంతో ఏడో అధ్యాయం తలుపు పూర్తిగా తెరుచుకోదు, అక్కడే గొడవంతా. అక్కడ దూత నాలుగు జంతువులు నలుగురు రాజులు అంటాడు, నాలుగోది నాలుగో రాజ్యం అంటాడు, ఒక్క పేరూ చెప్పడు. మూడో శతాబ్దంలోనే హిప్పోలిటస్ అనే సంఘ పెద్ద సింహం బబులోను, ఎలుగుబంటి పారసీకం, చిరుతపులి గ్రీకులు, నాలుగోది రోము అని రాశాడు, మన సంఘాల్లో ఇప్పటికీ చెప్పేది దాదాపు ఇదే. పండితుల్లో చాలామంది మాదీయుల్నీ పారసీకుల్నీ విడదీసి నాలుగోది గ్రీకు రాజ్యమే అంటారు. అప్పుడు నాలుగోదాని పది కొమ్ముల మధ్య మొలిచే చిన్న కొమ్ము క్రీ.పూ. 167లో యెరూషలేము మందిరాన్ని అపవిత్రం చేసిన గ్రీకు రాజు అంతియొకస్ ఎపిఫనేస్ అవుతాడు. ఎనిమిదో అధ్యాయంలో మేకపోతు నాలుగు కొమ్ముల్లో ఒకదాంట్లోంచి మొలిచే చిన్న కొమ్ము అతనేనని రెండు పక్షాల్లోనూ ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఏడో అధ్యాయం దగ్గరే దారులు చీలతాయి. నేను మొదటి పక్షంలో పెరిగాను, రెండోవాళ్ళ వాదనలో బలం ఉందని చదివాక తెలిసింది, ఇప్పటికీ రెండు పడవల మీదే ఉన్నాను, దాచడం దేనికి.

క్రీ.శ. 70లో మందిరం కూలాక, ఆ శతాబ్దం చివర్లో, యూదులు రాసుకున్న నాలుగో ఎజ్రా అనే గ్రంథం ఒకటుంది, మన బైబిల్లో ఉండదు. అందులో సముద్రంలోంచి మూడు తలల గద్ద లేస్తుంది. దూత అంటాడు కదా, నీ సహోదరుడు దానియేలుకి కనబడిన నాలుగో రాజ్యం ఇదే, కానీ ఇప్పుడు నీకు చెబుతున్నట్టు అతనికి చెప్పలేదు, అని. అంటే తమ కాలపు రాజ్యాన్ని ఆ ఖాళీలో కూర్చోబెట్టడం యూరప్ కూటమితో మొదలవలేదు, అప్పటిదే! తర్వాత అందరూ అదే చేశారు. పన్నెండో శతాబ్దంలో జోకీం అనే ఇటలీ సన్యాసి, బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటనలోని మృగం ఏడు తలల్లో ఒకటి ముస్లిం సుల్తాను సలాదీను అన్నాడు, పోపుని ఎదిరించిన లూథరు పక్షం పోపుని చూపించింది, పోపు పక్షంలో ఒకాయన ఆ మృగానికి ప్రకటన ఇచ్చిన సంఖ్య 666ని లూథరు పేరులోనే తేల్చాడు. అమెరికాలో విలియం మిల్లరు ఎనిమిదో అధ్యాయంలోని 2300 దినాల్ని సంవత్సరాలుగా లెక్కేస్తే ఆ లెక్క చివరికి 1844 అక్టోబరు 22కి వచ్చింది. ఎంతోమంది పనులు మానుకుని క్రీస్తు రాక కోసం ఎదురుచూశారు, తెల్లారింది, మామూలు బుధవారం. ఆ నిరాశకి చరిత్రలో పెద్ద పేరే ఉంది.

ఆ జంతువుల్ని వార్తల్లో వెతికే ముందు పాత పుస్తకాల్లో వెతకాలని నాకు ఆలస్యంగా తెలిసింది. బైబిల్లోనే హోషేయ ప్రవక్త పుస్తకం 13వ అధ్యాయం తీయండి. దేవుడు ఇశ్రాయేలు మీద కోపంతో, నేను వాళ్ళకి సింహంలా ఉంటాను, చిరుతపులిలా దారిలో పొంచి ఉంటాను, పిల్లల్ని పోగొట్టుకున్న ఎలుగుబంటిలా మీద పడతాను అంటాడు, ఆ తర్వాత అడవి మృగం వాళ్ళని చీల్చేస్తుందని కూడా ఉంది. సింహం, చిరుత, ఎలుగు, పేరు లేని మృగం. దానియేలులో ఉన్న నాలుగూ ఇక్కడే ఉన్నాయి, వరస కాస్త మారిందంతే! దానియేలు చదివిన మొదటి యూదుడికి ఎలుగుబంటి అనగానే రష్యా గుర్తొచ్చే అవకాశమే లేదు, హోషేయ గుర్తొచ్చి ఉంటాడు.

ఇంకోటి. అదే దానియేలు నాలుగో అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్నెజరు గర్వపడి, మనిషి మనసు పోయి, పశువులా గడ్డి మేస్తాడు. ఏడో అధ్యాయంలో సింహానికి రెక్కలు పీకి, మనిషిలా రెండు కాళ్ళ మీద నిలబెట్టి, మనిషి మనసు ఇస్తారు. నాలుగు మృగాల తర్వాత మేఘాల మీద వచ్చేది ఎవరు? మనుష్యకుమారుని పోలినవాడు. మనుషుల్ని మింగే రాజ్యం మృగం, దేవుడి ముందుకి వచ్చేది మనిషి. ఆ అధ్యాయం అంతా ఈ తేడా మీదే నిలబడింది, మనం మాత్రం కొమ్ములు లెక్కపెడుతూ కూర్చున్నాం. దీని ముందు అధ్యాయంలోనే గుహలోని అసలు సింహాలు దానియేలుని ముట్టుకోలేదు, అతన్ని అందులో వేయించింది రాజు సంతకం చేసిన శాసనం. ఈ రెండు అధ్యాయాల్నీ పక్కపక్కన పెట్టినవాడు ఎవడో గానీ మామూలోడు కాదు.

ఇప్పుడు ప్రకటన 13కి వెళ్తే, సముద్రంలోంచి లేచే క్రూరమృగానికి చిరుతపులి ఒళ్ళు, ఎలుగుబంటి కాళ్ళు, సింహం నోరు, పది కొమ్ములు, ఏడు తలలు. దానియేలు జంతువుల్నే వెనక నుంచి ముందుకి చెబుతున్నాడు ప్రకటన రాసిన యోహాను. ఏడు తలలెక్కడివి? దానియేలులో సింహానికి ఒకటి, ఎలుగుబంటికి ఒకటి, చిరుతకి నాలుగు, చివరిదానికి ఒకటి, కూడండి. కూడాక నేను కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. తెలుగులో ఈ బంధం కాస్త మరుగున పడిపోయింది, దానియేలులో "జంతువులు", ప్రకటనలో "క్రూరమృగము" అని వేశారు, గ్రీకు బైబిల్లో రెండు చోట్లా ఒకే మాట. అయితే మనవాళ్ళు ఒక మంచి పని కూడా చేశారు, ప్రకటన నాలుగులో సింహాసనం చుట్టూ ఉన్నవాటిని "జీవులు" అన్నారు. ఇంగ్లీషు పాత బైబిల్లో వాటికీ క్రూరమృగానికీ ఒకటే మాట.

పదిహేడో అధ్యాయంలో దూత ఆ ఏడు తలలు ఏడు కొండలని చెప్పేస్తాడు. ఆ రోజుల్లో ఏడు కొండల ఊరంటే చిన్నపిల్లాడు కూడా రోము అనేవాడు, క్రీ.శ. 71 నాటి వెస్పాసియన్ నాణెం మీద రోమా దేవత ఏడు కొండల మీద కూర్చున్న బొమ్మే ఉంది. 666 కూడా అంతే. హీబ్రూలో అక్షరాలకి అంకెల విలువలుంటాయి, మన కటపయాది లాంటిదనుకోండి. నేరోన్ కేసరు, అంటే రోము చక్రవర్తి నీరో, అని రాసి కూడితే 50, 200, 6, 50, 100, 60, 200, మొత్తం 666. కొన్ని పాత ప్రతుల్లో 616 ఉంటుంది, నేరోన్ చివరి న తీసేసి నేరో అని రాస్తే సరిగ్గా 50 తగ్గి అదే వస్తుంది. ఈ లెక్క నాకు దాదాపు ఖాయంగానే అనిపిస్తుంది. మరి ఆ మృగం తలకి తగిలిన చావు దెబ్బ మానిందని ప్రకటనలో ఉందే, అదేంటి? నీరో 68లో చనిపోయాక బతికే ఉన్నాడని, తిరిగొస్తాడని పుకార్లు, ఆ పేరుతో దొంగ నీరోలు కూడా లేచారు. అలాగని ఆ మృగం నీరోతో చచ్చిందని నేననను, ఏడు తలలు పెట్టినవాడికి ఒక్క మనిషితో పనయ్యేది కాదు. కానీ బార్‌కోడ్, ఆధార్, వ్యాక్సిన్ అంటూ ఏ కొత్త వస్తువొచ్చినా దాని మీద 666 వెతికేవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. రెండో శతాబ్దంలోనే ఐరేనియస్ అనే సంఘ పెద్ద ఈ సంఖ్యకి సరిపోయే పేర్లు రెండు మూడు చూపించి, ఇలా పేర్లు చాలా దొరుకుతాయి, ఊహించడం కన్నా ఆగడం క్షేమం అన్నాడు. అప్పటికి ఆ గ్రంథం రాసి వందేళ్ళు కూడా అయి ఉండదు.

పిన్నికి ఇదంతా చెప్పలేదు. రష్యా కాదులే, నువ్వు వీడియో తీసేసి ఏడు, ఎనిమిది అధ్యాయాలు రెండూ ఒకేసారి కూర్చుని చదువు అన్నాను. రెండు రోజులాగి మళ్ళీ ఫోన్.

"చదివాన్రా. మరి ఆ నాలుగోది ఏ జంతువో రాయలేదేంటి?"

"రాయలేదు పిన్నీ."

"మన ఊళ్ళో గుడ్డ మీద ఉండేదిగా, మొసలి మొహంది."

"అది పెయింటరు వేసింది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎనిమిదో అధ్యాయం చివర చూశావా, దానియేలుకి కూడా జ్వరం వచ్చినట్టుంది పాపం, కొన్నాళ్ళు మంచాన పడ్డాడట, తర్వాత లేచి రాజుగారి పని చూసుకున్నాడట, అయినా అర్థమైంది మాత్రం ఎవరికీ లేదట" అంది. అవునన్నాను. బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగితే, స్టవ్ మీద పాలున్నాయని పెట్టేసింది.