ఆ టైటిల్ ఇదివరకే ఉంది

తండ్రి పోయిన తరువాత పుట్టింటి ఆస్తిలో తన భాగం తనకు ఇవ్వమని అడగడానికి వచ్చిన ఒక పెద్దకూతురి కథను టీవీ సీరియల్‌గా రాస్తున్నాను. ఆ కథకు మొదటి రోజు నుంచీ నా మనసులో ఉన్న పేరు ‘పుట్టిల్లు’. పలకడానికి సులువుగా ఉంటుంది, ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు, ప్రోమోలో ఒక్క మాటతో విషయం తెలిసిపోతుంది. చిక్కల్లా ఆ పేరు ఎప్పుడో ఖర్చయిపోవడమే. 1953లోనే డాక్టర్ గరికపాటి రాజారావు ఆ పేరుతో సినిమా తీశారు. జమున తెరకు పరిచయమైంది ఆ చిత్రంతోనే. తరువాత 1973లో ‘పుట్టినిల్లు మెట్టినిల్లు’, 2004లో ‘పుట్టింటికి రా చెల్లి’ వచ్చాయి. తెలుగు ఆడపిల్ల ఉన్నంతకాలం ఆ మాట చుట్టూ కథలు పుడుతూనే ఉంటాయి కనుక ఇందులో వింత లేదు.

టైటిల్ ఇదివరకే ఉందని తెలిసిన క్షణంలో మనవాళ్లలో సగం మంది ‘అయితే కేసు పడుతుంది’ అని బెదిరిపోతారు, మిగతా సగం ‘పేరుకు కాపీరైట్ లేదు, పెట్టేసుకో’ అని భుజం తడతారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉన్నది కాబట్టే రచయిత కొంత లోతుగా చూసుకోవలసి వస్తుంది.

కాపీరైట్ సంగతి సుప్రీంకోర్టు 2015 అక్టోబరులో తేల్చి చెప్పింది. ఒక రచయిత ‘దేశీ బాయ్స్’ అనే పేరుతో ఒక కథా సారాంశాన్ని రాసి 2008లో ముంబయిలోని ఫిల్మ్ రైటర్స్ అసోసియేషన్‌లో నమోదు చేయించుకున్నారు. ఇంగ్లీషులో చివరి అక్షరం ఒక్కటే మార్చి అదే పేరుతో 2011లో హిందీ సినిమా వచ్చింది. ఆయన ఫిర్యాదు కథ గురించి కాదు, పేరు గురించే. టైటిల్ దానంతట అది సంపూర్ణమైన రచన కాదనీ, దాని వెనుక ఉన్న రచనను సూచించే గుర్తు మాత్రమేననీ, పైగా ఆ రెండు మాటలూ అందరూ వాడుకునేవేననీ చెప్పి కోర్టు ఆ ఫిర్యాదును కొట్టివేసింది. రచయితల సంఘంలో స్క్రిప్టు నమోదు చేస్తే పేరు కూడా మనదైపోతుందని నమ్మేవాళ్లు ఆ తీర్పును ఒకసారి చదువుకోవడం మంచిది. ఆ నమోదు వల్ల ఫలానా తేదీ నాటికి ఫలానా రచన మన దగ్గర ఉన్నదన్న సాక్ష్యం మాత్రమే దొరుకుతుంది. పేరు విషయంలో అది మనల్ని కాపాడదు, అవతలివాడు చేయించుకున్న నమోదు మనల్ని ఆపనూ లేదు.

కాపీరైట్ లేదన్నంత మాత్రాన ట్రేడ్‌మార్క్, అంటే ఒక పేరును తమ గుర్తుగా వాడుకునే హక్కు, లేదని కాదు, ‘పెట్టేసుకో’ అనేవాళ్లు మరిచిపోయేది సరిగ్గా ఇక్కడే. 2007లో రామ్‌గోపాల్ వర్మ ‘నిశ్శబ్ద్’ విడుదలకు వచ్చినప్పుడు, దాదాపు అదే పేరుతో అంతకుముందే బెంగాలీ చిత్రం తీసిన సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఒక్కసారి వచ్చి వెళ్లిపోయే సినిమా వంటి రచనకు టైటిల్ మీద రక్షణ కావాలంటే, ఆ పేరు వినగానే జనానికి ఆ ఒక్క చిత్రమే గుర్తుకు వచ్చేంత ప్రఖ్యాతి దానికి ఉన్నదని నిరూపించుకోవాలనీ, వరుసగా వచ్చే రచనల పేర్ల సంగతి వేరనీ కోర్టు చెప్పింది. ఆ బెంగాలీ చిత్రానికి అంత ప్రఖ్యాతి ఉన్నట్లు తేలనందున సినిమాను ఆపడానికి నిరాకరించింది. టీవీకి రాసేవాళ్లకు ఆ తీర్పులో పనికివచ్చేది వరుస రచనల గురించి చెప్పిన ఆ రెండో మాట. వారానికి ఆరు రోజులు, ఏళ్ల తరబడి ఒకే పేరుతో ఇళ్లలోకి వచ్చే సీరియల్ టైటిల్, సినిమా టైటిల్ కంటే చట్టం దృష్టిలో ఎంతో బలమైనది. కాబట్టి పాత సినిమా పేరును సీరియల్‌కు పెట్టుకోవడం ఒక ఎత్తు, పక్క ఛానల్‌లో నడుస్తున్న సీరియల్ పేరును ముట్టుకోవడం మరొక ఎత్తు.

2024లో ఇటువంటి తగాదాయే ఇంకొకటి బొంబాయి హైకోర్టుకు చేరింది. 1993 నాటి ‘లుటేరే’ హిందీ సినిమా నిర్మాత, అదే పేరుతో ఓటీటీలో వచ్చిన వెబ్ సిరీస్ మీద అభ్యంతరం తెలిపారు. టైటిల్ మీద కాపీరైట్ ఉండదనీ, నిర్మాతల సంఘంలో చేయించుకున్న టైటిల్ నమోదు ఆ సంఘ సభ్యుల మధ్య కట్టుబాటే తప్ప బయటివారిని బంధించదనీ కోర్టు అభిప్రాయపడింది.

ఈ ఆఖరి వాక్యం వినడానికి ఎంత హాయిగా ఉన్నా, హైదరాబాదులో పని చేసేవాళ్లకు ఆ హాయి అక్కరకు రాదు. ఇక్కడ నిర్మాతలందరూ ఏదో ఒక సంఘంలో సభ్యులే, కట్టుబాటు తప్పినవాడికి రేపు అదే సంఘంతో మరొక పని పడుతుంది, కనుక కోర్టు కంటే సినిమావాళ్ల సంఘమైన ఫిల్మ్ ఛాంబర్ మాటే ముందు నడుస్తుంది. అక్కడ టైటిల్ నమోదు నిర్మాత చేయించుకోవలసినదే కానీ స్క్రిప్టు చేతపట్టుకున్న రచయిత చేయించుకోగలిగినది కాదన్నది మరొక సంగతి. ఆ కట్టుబాటు ఎంత గట్టిదో తెలియాలంటే మన సినిమా పోస్టర్లు చూస్తే చాలు. 2010లో ‘కత్తి’ కాస్తా ‘కళ్యాణ్‌రామ్ కత్తి’గా, ‘ఖలేజా’ కాస్తా ‘మహేష్ ఖలేజా’గా వచ్చాయి. 1991 నాటి చిరంజీవి సినిమా పేరును 2019లో మళ్లీ పెట్టుకోబోతే, అది అప్పటికే వేరొకరి చేతిలో ఉండటంతో ‘నానీస్ గ్యాంగ్ లీడర్’ అయింది. హీరో పేరును ముందు తగిలించడం చవకైన ఉపాయమే అయినా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రేక్షకుడు ఎలాగూ ఆ హీరో సినిమాకే వెళ్తున్నాడు. సీరియల్‌కు ఆ వీలు లేదు. సీరియల్ నాయికను జనం పాత్ర పేరుతోనే పిలుస్తారు, ఆ పిలుపు కూడా సీరియల్ మొదలైన ఆరు నెలలకు గానీ స్థిరపడదు.

టీవీలో తగిలించడానికి ఉన్నది ఛానల్ పేరు ఒక్కటే. అమెరికాలో 1975లో ఆ పనే చేశారు. ‘సాటర్డే నైట్ లైవ్’ అనే పేరు అప్పుడు ఏబీసీ ఛానల్‌లో హోవర్డ్ కోసెల్ నడుపుతున్న కార్యక్రమానిది. అందువల్ల ఎన్‌బీసీ వాళ్లు తమ హాస్య కార్యక్రమాన్ని ‘ఎన్‌బీసీస్ సాటర్డే నైట్’ అని మొదలుపెట్టారు. కోసెల్ కార్యక్రమం 1976 జనవరిలోనే ఆగిపోయింది. ఎన్‌బీసీ ఆ పేరును 1977లో సొంతం చేసుకుంది, ఇప్పటికీ దానితోనే నడుపుతోంది. ఓపిక పట్టి పేరు దక్కించుకున్న ఉదాహరణలు ఇలా ఉంటాయి గానీ, అంత ఓపిక పట్టే స్థోమత ఛానల్‌కు ఉంటుంది, నాకు లేదు.

మన సీరియళ్లు ఈ చిక్కును ఎలా దాటాయో చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. ‘కార్తీక దీపం’ 1979లో శోభన్‌బాబు సినిమా. 2017లో స్టార్ మా అదే పేరుతో, ఒక మలయాళ సీరియల్ ఆధారంగా, ధారావాహికను మొదలుపెట్టింది; ఇవాళ ఆ పేరు వినగానే చాలా ఇళ్లలో వంటలక్క గుర్తుకు వస్తుందే తప్ప సినిమా గుర్తుకు రాదు. నలభై ఏళ్ల దూరం ఉంటే, పాత రచనను గుర్తుంచుకున్నవాళ్లు కూడా నొచ్చుకోకపోతే, పేరు చేతులు మారుతుంది. 1979లోనే వచ్చిన కె. బాలచందర్ ‘గుప్పెడు మనసు’ విషయంలో మరొక దారి తొక్కారు: సీరియల్‌ను ‘గుప్పెడంత మనసు’ అన్నారు. ఒక్క ‘అంత’ చేరేసరికి పేరు వేరైంది, నోటికీ బాగుంది, పాత సినిమా మీద మర్యాదా మిగిలింది. ఇక ‘ప్రేమ ఎంత మధురం’ ఆత్రేయ పాట పల్లవి నుంచి వచ్చింది. పాట పల్లవిని టైటిల్‌గా పెట్టుకుంటే ప్రేక్షకుడి చెవిలో రాగం ముందే సిద్ధంగా ఉంటుంది, అది ఉచితంగా దొరికే ప్రచారం. కాకపోతే ఆ దారి ఇప్పుడు బాగా నలిగిపోయింది. పల్లవులు అయిపోయి చరణాల దాకా వచ్చారేమోనని ఒక్కోసారి అనుమానం కలుగుతుంది.

సినిమాల్లో పేర్లు తిరిగి రావడం కొత్త కాదు. ‘తొలిప్రేమ’ 1998లోనూ 2018లోనూ వచ్చింది, ‘ఖుషి’ 2001లోనూ 2023లోనూ వచ్చింది. సినిమాకు ఏడాది, హీరో, దర్శకుడు అనే ఆనవాళ్లు తోడుంటాయి కనుక ఇబ్బంది తక్కువ. సీరియల్‌ను మాత్రం ప్రేక్షకురాలు ఫోన్‌లో పేరు ఒక్కటే కొట్టి వెతుకుతుంది. నిన్న కరెంటు పోయి చూడలేకపోయిన ఎపిసోడ్ మొదటి వరుసలో కనబడకపోతే ఆవిడ రెండోసారి వెతకదు. నేను ‘పుట్టిల్లు’కు బదులుగా అనుకున్న ‘పసుపు కుంకుమ’ ఈ కారణం చేతనే మూలపడింది. కూతురికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన భూమి నా కథలో కీలకం గనుక, అర్థం పరంగా అంతకు మించిన పేరు దొరకదు. కానీ జీ తెలుగులో ఆ పేరుతో సీరియల్ ఇదివరకే నడిచింది, అది ఒక అడ్డు. రెండోది ఇంకా చిత్రమైనది: 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు తలా పదివేల రూపాయలు ఇచ్చిన పథకం పేరూ అదే. ఆ పేరు కొట్టి వెతికితే నా కథానాయిక కంటే ముందు చెక్కుల పంపిణీ కనబడుతుంది. పైగా ఒక ఎన్నికల సంవత్సరపు వాసన అంటుకున్న మాటను ఏ ఛానలూ ఇష్టపడి నెత్తికెత్తుకోదు. ‘ఆడపడుచు’ అందామంటే 1967లో ఎన్టీఆర్ సినిమా ఉంది. దాని సంగతి అటుంచి, నా కథలో ఆవిడ కూతురుగా వస్తుందే తప్ప ఆడపడుచుగా కాదు.

‘మా పుట్టిల్లు’, ‘పుట్టిల్లు పిలిచింది’ వంటి సాగదీతలను నిర్మాత గారు సూచించారు. వాటిని నేను ఒప్పుకోలేకపోయాను. ‘గుప్పెడంత మనసు’లో చేరిన ముక్క పేరుకు అందం తెచ్చింది, ఇక్కడ చేరిన మాటలు మాత్రం అసలు పేరు దొరకలేదని చాటుతున్నాయి. టైటిల్ సాంగ్ రాసే కవి కష్టం కూడా చూడాలి: పల్లవిలో పేరు ఒకసారి వచ్చి తీరాలి, రాగం మీద ఒదగాలి, ఆ పాటను ఇంటిల్లిపాదీ రోజూ వినవలసి ఉంటుంది. ‘పిలిచింది’ అన్న భూతకాలపు క్రియ మొదటి వారానికి బాగుంటుంది. మూడొందలో ఎపిసోడ్ నాటికి, ఎప్పుడో పిలిచిన పుట్టింట్లో ఆవిడ స్థిరపడి నెలలు గడిచాక కూడా పాట పిలుస్తూనే ఉంటుంది.

టైటిల్ అడ్డం తిరిగినప్పుడు నిఘంటువు దగ్గరకూ పాత పాటల పుస్తకం దగ్గరకూ పోకుండా, స్క్రిప్టులోనే పాత్రలు దేని గురించి పోట్లాడుకుంటున్నాయో వెతకాలన్నది నా అభిప్రాయం. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన భాగం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణతోనూ, దేశమంతటా 2005 నాటి సవరణతోనూ వచ్చింది. నా కథలో పెద్దకూతురికి ఆ చట్టం తెలుసు, తమ్ముళ్లకూ తెలుసు. అయినా పంపకం దగ్గర మాట తెగదు, ఎందుకంటే అందరికీ కావలసింది ఇంటిలో బావి ఉన్న తూర్పు వైపు. తొమ్మిదో ఎపిసోడ్‌లో పెద్దమనుషులు కొలతలు వేసేటప్పుడు చిన్న తమ్ముడు ‘డబ్బు ఎంతైనా తీసుకో అక్కా, తూర్పు వాటా మాత్రం అడక్కు’ అంటాడు. అక్కడి నుంచి కథ అంతా ఆ తూర్పు వాటా చుట్టూనే తిరుగుతుంది. ఆ డైలాగు నేను చాలా ముందే రాసుకున్నదే.

‘తూర్పు వాటా’ అనే పేరుతో సినిమా గానీ సీరియల్ గానీ ఉన్నదేమోనని నేను వెతికినంతలో ఏదీ కనబడలేదు. యూట్యూబులో వెతికితే అద్దె ఇళ్ల ప్రకటనలూ వాస్తు ఉపన్యాసాలూ వచ్చాయి, వాటితో నాకు పోటీ లేదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. వినోద కార్యక్రమాలు 41వ తరగతి కిందకు వస్తాయి కనుక అక్కడ, మాటను రకరకాల స్పెల్లింగులతో కొట్టి చూడాలి. ఒకవేళ అక్కడ ఎవరిదైనా కనబడినా వెంటనే ఆశ వదులుకోనక్కరలేదు: నమోదు 10 సంవత్సరాలకు ఒకసారి పునరుద్ధరించుకోవలసినది, నమోదయ్యాక 5 సంవత్సరాలకు పైగా వరుసగా వాడకుండా వదిలేసిన గుర్తును తొలగించమని దరఖాస్తు చేసుకునే వీలూ ఉంది. కానీ అది నిర్మాత, ఆయన వకీలు చూసుకోవలసిన పని. రచయిత చేయవలసిందల్లా తాను ఎక్కడెక్కడ వెతికాడో, ఏ తేదీన వెతికాడో, ఏమి కనబడిందో ఒక కాగితం మీద రాసి స్క్రిప్టుతో పాటు ఇవ్వడం. నేను అలాగే ఇచ్చాను.

స్క్రిప్టు మొదటి పేజీలో ఇప్పుడు ‘తూర్పు వాటా’ అనీ, దాని కింద ‘తాత్కాలిక టైటిల్’ అనీ ఉంది. ఆ రెండో పంక్తిని మొహమాటానికి పెట్టలేదు. మా రంగంలో పేరు మీద ఆఖరి మాట ఛానల్‌దే, అది ఒప్పందంలోనే రాసి ఉంటుంది. నిర్మాత గారికి పేరు నచ్చింది. ఛానల్‌లో ప్రోమోలు చూసే బృందం మాత్రం టైటిల్‌లో ఆడదాని ఊసు లేదేమిటని అడిగిందట. వచ్చే సమావేశంలో ‘అమ్మాయి గారి తూర్పు వాటా’ అన్న సూచన వస్తుందని ముందే కబురు అందింది. దానికి జవాబుగా నేను తొమ్మిదో ఎపిసోడ్‌నే ముందుగా చదివి వినిపించాలనుకుంటున్నాను.