పిక్కలో రక్తం గడ్డ కడితే: విదేశీ లీగ్ ఆటగాడి అనుభవం

బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకు పిక్క నొప్పి మామూలే కాబట్టి సిరలో రక్తం గడ్డకట్టినా మొదట ఎవరికీ అనుమానం రాదు. జర్మనీ రెండో అంచె లీగ్‌లో ఆడుతుండగా నాకు వచ్చింది అదే. మ్యాచ్‌లో చీలమండ బెణికి, చీలమండ కదలకుండా డాక్టర్లు వేసే బూట్‌లో కాలు ఉంది. దాని మీద హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుదీర్ఘ విమాన ప్రయాణం. పొడవైన మనుషులకు ఈ ముప్పు అసలే ఎక్కువ.

కండరం పట్టేస్తే నొప్పి ఒక్కసారిగా, ఒకే చోట మొదలవుతుంది. గడ్డ కడితే పిక్క మొత్తం మెల్లగా బరువెక్కుతుంది, తాకితే వేడిగా ఉంటుంది, రాత్రంతా పడుకుని లేచినా వాపు తగ్గదు. మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి, రెండు కాళ్ల చుట్టుకొలతా టేపుతో చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అదే రోజు స్కాన్‌కు వెళ్లాలి. తేడా తక్కువున్నా అనుమానం తీరకపోతే వెళ్లాల్సిందే. స్కాన్ అయ్యేదాకా ఆ కాలిని మసాజ్ చేయనివ్వకండి, గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనిపిస్తే జర్మనీలో 112కు ఫోన్ చేయాలి.

గడ్డ జాడ కోసం చేసే డీ-డైమర్ రక్త పరీక్షలో అంకె గాయం వల్ల కూడా పెరుగుతుంది, ఎక్కువొచ్చినంత మాత్రాన ఏదీ తేలదు. తేల్చేది డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్. ప్రోబ్‌తో నొక్కితే మంచి సిర అణిగిపోతుంది, గడ్డ ఉన్న సిర అణగదు. నాకు గడ్డ మోకాలి వెనక సిర దాకా పాకింది.

మందు రివరోక్సబాన్, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర. మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తర్వాత రోజుకు ఒకసారి 20. రెండు మోతాదులూ భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున ఒంటికి సరిగా పట్టదు. దీంతో పాటు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆటగాళ్ల బ్యాగుల్లో ఎప్పుడూ ఉండే మాత్రలు అవే కాబట్టి ముందే తీసేయాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు.

నడక వెంటనే మొదలైంది. తర్వాత సైకిల్, నీళ్లలో పరుగు, ఒంటరిగా షూటింగ్. నాకు కష్టమైంది ఆ తర్వాతి దశ. ఒంట్లో సత్తా తిరిగొచ్చింది, అయినా కనీసం మూడు నెలల పాటు ఎవరినీ తగలకూడదు. రిమ్ కింద ఒక మోచెయ్యి తలకు తగిలినా మెదడులో రక్తస్రావం కావచ్చు. ఒంట్లో మందు సగానికి తగ్గడానికి 5 నుంచి 9 గంటలే పడుతుంది కదా, మ్యాచ్ ముందు ఆపి తర్వాత మళ్లీ వేసుకోవచ్చని కొందరు అంటారు. తొలి మూడు నెలల్లో అది ఒప్పుకోకూడదని నా గట్టి నమ్మకం, గడ్డ మళ్లీ కట్టే ముప్పు ఎక్కువగా ఉండేది అప్పుడే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన క్రిస్ బాష్‌కు 2015లో ఒకసారి, 2016లో మరోసారి ఈ జబ్బు వచ్చింది, ఆ తర్వాత ఆయన మళ్లీ ఎన్‌బీఏ కోర్టులో ఆడలేదు. అదే లీగ్ ఆటగాడు విక్టర్ వెంబన్యామాకు 2025 ఫిబ్రవరిలో భుజంలో గడ్డ కట్టినప్పుడు ఆ సీజన్ అక్కడితో ఆపేశారు, తర్వాతి సీజన్‌కు తిరిగొచ్చాడు.

జీతం సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. జర్మనీలో ఉద్యోగి జబ్బు పడితే క్లబ్ ఆరు వారాలు పూర్తి జీతం ఇవ్వాలి, కానీ చేరి నాలుగు వారాలు నిండి ఉండాలి. తర్వాత మామూలు జబ్బైతే ఆరోగ్య బీమా స్థూల జీతంలో 70 శాతం ఇస్తుంది, పని ప్రమాదమైతే ప్రమాద బీమా 80 శాతం ఇస్తుంది. రెంటికీ పరిమితులున్నాయి. మ్యాచ్‌లో చీలమండ బెణకడం పని ప్రమాదం కిందికే వస్తుంది. అందుకే ప్రమాద బీమా గుర్తించిన డాక్టర్, అక్కడ డీ-ఆర్ట్స్ అంటారు, ఆయన దగ్గర మొదటి రోజే బెణుకు నమోదు కావాలి. గడ్డ కాలు కదపకపోవడం వల్ల వచ్చిందని డాక్టర్లు భావిస్తే ఆ మాట రిపోర్టులో ఉండేలా అడగాలి. ఆ వాక్యం లేకపోతే అది మామూలు జబ్బు కిందే మిగిలిపోవచ్చు.

మందు ఆపే ముందు మరోసారి డాప్లర్ తీయించుకోవాలి. సిర గోడకు మిగిలే పాత మచ్చ తర్వాతి స్కాన్‌లలో కొత్త గడ్డలా కనబడుతుంది, పోల్చడానికి ఈ చిత్రాలు ఉండాలి. నేను వాటిని, ఇంగ్లీషు రిపోర్టును కలిపి దాచుకున్నాను. విదేశీ ఒప్పందాల్లో చేరగానే వైద్య పరీక్ష నెగ్గాలన్న షరతు ఉంటుంది, కొత్త క్లబ్ డాక్టర్ మొదట అడిగేవి ఇవే.