మృదంగం ఇంటి నుంచి ఘటం, కంజీర

ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రాం అనగానే ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బమ్ (1991), దానికొచ్చిన గ్రామీ గుర్తుచేస్తారు. తాళవాద్యం నేర్చుకునేవాళ్లకు ఆ ఇంట్లో చూడాల్సింది వేరే ఉంది. తండ్రి హరిహరశర్మ మృదంగ గురువు, 1958లో మద్రాసులో శ్రీ జయగణేశ తాళవాద్య విద్యాలయం పెట్టారు. కొడుకు వినాయక్‌రాం ఘటం (కుండ వాద్యం) పట్టారు, మనవడు సెల్వగణేశ్ కంజీర (చేత్తో పట్టుకు వాయించే చిన్న తోలు వాద్యం). వాద్యం మారినా జతులు, అంటే ‘తకధిమి’ లాంటి లయ పలుకులు, మారలేదు. చేత్తో తాళం వేస్తూ నోటితో పలకలేని జతి వేళ్లకు ఎక్కదు. మృదంగం పాఠం ఘటానికీ కంజీరకూ పనికొచ్చేది అందుకే.

ఘటంతో పెద్ద చిక్కు శ్రుతి. కుండ కాలాక దాని శ్రుతి అదే. లోపల కాస్త మెత్తటి మట్టి అంటిస్తే కొంచెం దిగుతుంది, పెంచడానికి మాత్రం దారి లేదు. అందుకే గాయకుల శ్రుతికి తగ్గట్టు వేర్వేరు కుండలు దగ్గర పెట్టుకోవాలి. తమిళనాడులోని మానామదురై ఘటం మందం, నాదం ఖణేల్మంటుంది, కానీ వేళ్లకు శ్రమ. మద్రాసు ఘటం పల్చన, వేగంగా వాయించేవాళ్లకు హాయి. మూతిని పొట్టకు ఆనించి నొక్కుతూ వదులుతూ ఉంటే గుమ్మనే కింది నాదం మారుతుంది. కొందరు చొక్కా గుండీలు విప్పి కూర్చునేది ఇందుకే, గొప్పకు కాదు!

కంజీర తంటా దీనికి తలకిందులు. పనసకర్ర చట్రం, దానికో గంటులో గలగలలాడే లోహపు బిళ్లలు, ఒకవైపే తోలు. పూర్వం ఉడుము తోలు వేసేవారు. ఇప్పుడది చట్టవిరుద్ధం గనుక మేక తోలో, సింథటిక్కో. తోలు ఆరితే శ్రుతి పైకి పోతుంది. లోపలి వైపు నాలుగు చుక్కల నీళ్లు రాసి, కాసేపు ఆగి చూడాలి. తొందరపడి ఎక్కువ రాస్తే తోలు సడలి నాదం చచ్చిపోతుంది, ఆరేదాకా చేసేదేమీ ఉండదు. దీపాల వేడికీ ఏసీ గాలికీ కచేరి మధ్యలో మళ్లీ ఆరుతుంది, కాబట్టి పక్కన చిన్న గిన్నెలో నీళ్లు ఉండాల్సిందే. పట్టుకున్న ఎడమచేతి వేళ్లతో తోలు అంచు నొక్కితే కింది స్వరాలు జారతాయి. సెల్వగణేశ్ చేతిలో అంత చిన్న వాద్యం మృదంగం ఎడమవైపులా గుమ్మంటుంది.

1970ల ‘శక్తి’ బృందంలో జాకిర్ హుస్సేన్ తబలా పక్కన వినాయక్‌రాం ఘటం వినండి. తర్వాత అదే బృందం 2023లో తెచ్చిన ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్‌లో ఆయన కొడుకు సెల్వగణేశ్‌ను వినండి. దానికీ 2024లో గ్రామీ వచ్చింది.