గుండుగుత్త కొటేషన్‌తో పునాది పని ఇవ్వకండి

పునాది రిపేరుకి ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిస్తే మూడు వేర్వేరు పనులకి కొటేషన్లు రాసి వెళ్తారు. ఒకరు పగుళ్లలోకి గ్రౌటింగ్ (పల్చటి సిమెంటు లాంటి ద్రవం ఎక్కించడం) అంటారు, ఒకరు పిల్లర్లకి జాకెటింగ్ (చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటు తొడుగు) అంటారు, ఇంకొకరు ఫుటింగుల (పునాది అడుగు దిమ్మల) కింద తవ్వి అండర్‌పిన్నింగ్, అంటే పాత పునాది కింద కొత్త కాంక్రీటు ఆసరా, చేయాలంటారు. ఆ మూడు మొత్తాల్లో తక్కువది ఏదని చూడటంలో అర్థం లేదు. ఇల్లు ఎందుకు దెబ్బతిందో ముందు తేలాలి. ఆ పరీక్షకి రిపేరు కాంట్రాక్టులు తీసుకోని స్ట్రక్చరల్ ఇంజినీరుని ఫీజు ఇచ్చి పిలవండి. ఈ ఫీజు దగ్గర వెనకాడితే తర్వాత అక్కర్లేని పనికి డబ్బు పోస్తారు.

విశాఖలో కారణాలు ఎక్కువగా రెండు: నేల కుంగడం, ఇనుము తుప్పు పట్టడం. కొండవాలు తవ్వి చదును చేసిన లేఅవుట్లలో ఇల్లు సగం కోసిన గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద ఉంటుంది. పోసిన వైపు వానకి తడిసి దిగుతుంది. పూడ్చిన గెడ్డల (వాగుల) మీద, పోర్టు వైపు పల్లపు బంకమట్టి మీద కట్టిన ఇళ్లకీ ఇదే బాధ. గోడలో మెట్లు మెట్లుగా ఏటవాలు పగులు వస్తుంది. ఇంటి మూల దిగితే ఆ పగులు పైన వెడల్పుగా ఉంటుంది, మధ్యభాగం దిగితే కింద వెడల్పుగా ఉంటుంది. పగులు మీద అడ్డంగా పెన్సిల్ గీతలు గీసి, వెడల్పు కొలిచి, తేదీతో రాసి పెట్టుకోండి. వానాకాలం గడిచాక కూడా కదలిక లేకపోతే అండర్‌పిన్నింగ్ అన్నవాళ్లని ఎందుకని గట్టిగా అడగండి. సంపు లీకు, పగిలిన డ్రైనేజీ పైపు, డాబా మీద నీళ్లు పునాది పక్కనే పడటం, వీటిని సరిచేయకుండా కాంక్రీటు పోస్తే నేల మళ్లీ దిగుతుంది. నీటి సంగతి రాయని కొటేషన్ సగం కొటేషనే.

బీచ్ వైపు ఇళ్లలో పిల్లరు వెంట నిలువు పగులు వచ్చి, కొడితే డొల్ల శబ్దం వస్తోందంటే అది చాలావరకు తుప్పు. ఫినాఫ్తలీన్ అనే పరీక్ష ద్రావణం చల్లితే గులాబీ రంగు వచ్చింది కాబట్టి కాంక్రీటు బాగుందని ఎవరైనా అంటే అక్కడితో ఆగకండి. ఆ పరీక్ష క్షారత ఒక్కటే చెబుతుంది. ఉప్పుగాలి నుంచి వచ్చే క్లోరైడు దానిలో కనపడదు, దానికి కాంక్రీటు పొడి ల్యాబుకి పంపాలి. ఊడిన చోట మాత్రమే మొర్టారు పూస్తామంటే కొద్దికాలానికి ఆ అతుకు పక్కనే కొత్తగా తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన మేర దాటి, కడ్డీ వెనక కూడా 20 నుంచి 25 మిల్లీమీటర్లు చెక్కి, కడ్డీ మెరిసేదాకా శుభ్రం చేస్తామని రాసి ఉండాలి.

కారణం తేలాక ఇంజినీరు చేత కొలతల పట్టిక రాయించి, అదే కాగితం ముగ్గురికీ ఇవ్వండి. లెక్క మీరే సరిచూసుకోవచ్చు. 230 బై 300 మిల్లీమీటర్ల పిల్లరుకి చుట్టూ 100 మిల్లీమీటర్ల జాకెట్ వేస్తే 430 బై 500 అవుతుంది. మీటరున్నర ఎత్తుకి కొత్త కాంక్రీటు సుమారు 0.22 క్యూబిక్ మీటర్లు, నాలుగు పిల్లర్లకి 0.88. కడ్డీ బరువుకి మిల్లీమీటర్లలో మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 16 ఎంఎం కడ్డీ 1.58 కిలోలు, 8 ఎంఎం 0.395. పిల్లరుకి 2.1 మీటర్ల 16 ఎంఎం కడ్డీలు ఎనిమిది, 100 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున 8 ఎంఎం రింగులు పెట్టుకుంటే సుమారు 38 కిలోలు, నాలుగింటికి 150 చిల్లర. కొటేషన్‌లో 300 కిలోలు ఉంటే మిగతాది ఎక్కడ కడతారో చూపించమనండి. 80 ఉంటే ఏది తగ్గించారో అడగండి. ఆ రెండోదే ఎక్కువ ప్రమాదం.

కాంక్రీటు గ్రేడు, అంటే దాని బలం స్థాయి, రాయించండి. సముద్రపు గాలి తగిలే చోటికి ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం) ప్రకారం కనీసం ఎం30 గ్రేడు, ఇనుము మీద కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) 45 మిల్లీమీటర్లు. ఫుటింగులకి కవరు 50. వైజాగ్ స్టీలు అని రాస్తే చాలదు, ఎఫ్ఈ 500డీ అన్న ఇనుము గ్రేడు, కడ్డీ మందం కావాలి. నీళ్ల గురించి ఎవరూ రాయరు కానీ బీచ్ దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆర్‌సీసీలో వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కాబట్టి కలపడానికీ, క్యూరింగుకీ మంచినీటి ట్యాంకరు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

అండర్‌పిన్నింగ్ అయితే పని వరుస రాయని కొటేషన్ పక్కన పడేయండి. గోడ కింద మీటరు, మీటరున్నర ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వాలి. పోసిన ముక్క గట్టిపడేదాకా పక్కది ముట్టుకోకూడదు. కొత్త కాంక్రీటుకీ పాత పునాది అడుక్కీ మధ్య సందు వదిలి, తర్వాత కుంచించుకుపోని గ్రౌటుతో కూరాలి. ఈ ఒక్క పని ఎగ్గొడితే ఇల్లు ఆ సందు మేర కూర్చుంటుంది. పనివాళ్లని తొందరపెట్టి గోడ పొడుగునా ఒకేసారి తవ్వించేవాళ్లకి ఇల్లు అప్పగించకండి, ప్రాణాల మీదకి వస్తుంది. గొయ్యి మీటరున్నర దాటితే పక్కలకి చెక్కల ఆసరా, స్లాబు కింద సపోర్టులు విడి ఐటెములుగా ఉండాలి. పక్కింటి గోడ దగ్గరైతే పని మొదలుపెట్టకముందే ఆ గోడ ఫోటోలు తేదీలతో తీసి వాళ్లకీ పంపండి.

నెల కూడా ధర మారుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పడితే గోతులు నిండిపోతాయి. మోటారు పెట్టి తోడటం రోజుకి ఎంతో రాయించండి, లేదా జనవరి తర్వాత పెట్టుకోండి.

తవ్వాక అనుకోనివి బయటపడతాయి. అందుకే మట్టి తవ్వకం, కాంక్రీటు క్యూబిక్ మీటరుకి, ఇనుము కిలోకి రేట్లు ముందే ఒప్పుకుని, అదనపు పనికీ అవే వర్తిస్తాయని రాయించండి. జీఎస్టీ కలిపిన ధరా, విడిగానా అడగండి. అడ్వాన్సు తక్కువగా ఇచ్చి మిగతాది తవ్వకం చూశాక, ఇనుము కట్టింది కొలిచాక, పోత అయ్యాక విడతలుగా ఇవ్వండి. పోత రోజున అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు (పరీక్ష దిమ్మలు) తీయించి 28 రోజుల బలం పరీక్ష మీ ఖర్చుతో మీరే చేయించుకోండి. పది శాతం ఆపి పెట్టి, వచ్చే వానాకాలం దాటాక, అవే పెన్సిల్ గీతల దగ్గర మళ్లీ కొలిచి చెల్లించండి.