పక్కింట్లో ముందే అవుటయిపోయింది

నవంబర్ 3, 2025, సోమవారం, ప్రొద్దుటూరు

నిద్ర సరిపోలేదు, కండ్లు మండుతాండాయి, అయినా రాయాల్సిందే. అక్టోబర్‌తో కేబుల్ ఆపేసినాం. దాని బదులు టీవీలో నెట్‌తో చూసే యాప్ పెట్టి పట్టుమని మూడు రోజులు కూడా కాలేదు, ఫస్ట్ మ్యాచే వరల్డ్ కప్ ఫైనల్, ఆడోళ్ళది, మనోళ్ళకీ సౌతాఫ్రికాకీ. పైగా మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆడతాంది కాబట్టి నాయన పొద్దున్నుంచీ రిమోట్ చేతిలోంచి దించలేదు.

ఆ రిమోట్‌తోనే మొదలైంది కత. నాయనకి కేబుల్‌లో చానెల్ నంబర్లు నోటికొచ్చు, చీకట్లో కూడా నొక్కేస్తాడు. ఇప్పుడు నంబర్లే లేవు. "మ్యాచ్ యాడుందిరా ఇందులో" అని అడిగితే పైకి పో, పక్కకి పో, ఓకే కొట్టు అని చెప్పినా, ఆయన ఓకే కొట్టేసరికి ఏదో సినిమా మొదలైంది. అది ఆపి వెనక్కొస్తే లాగిన్ అడిగింది. అకౌంటేమో బెంగళూర్లో ఉన్న బావ పేరు మీద ఉంది, ఓటీపీ ఆయనకి పోతాది, ఆయనేమో ఆదివారం మధ్యాన్నం బిర్యానీ తిని పడుకున్నాడు, నాలుగుసార్లు ఫోన్ చేస్తే లేచి నంబర్ చెప్పేలోపు టైమ్ అయిపోయింది, మళ్ళీ ఇంకో ఓటీపీ. నవీ ముంబైలో వాన పడి మూడింటికి మొదలవ్వాల్సిన మ్యాచ్ ఐదింటికి మొదలైంది గాబట్టి బతికిపోయినాం, లేకుంటే ఇంట్లో ఇంకో మ్యాచ్ జరిగేది.

మనోళ్ళ బ్యాటింగ్‌లో కేబుల్‌కీ దీనికీ తేడా పెద్దగా తెలీలేదు. షెఫాలీ 87, దీప్తి 58, మొత్తం 298. నాయన బాధంతా యాడ్ల గురించే. కేబుల్లో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య పాత పాటల చానెల్‌కి పోయి ఒక చరణం విని, న్యూస్ ఒక ముక్క చూసి, కరెక్టుగా బాల్ వేసేటప్పటికి వచ్చేసేటోడు. నలభై ఏండ్లు బస్సు నడిపినోడి టైమింగ్ అది! ఇక్కడ బయటికి పోయి లోపలికి రావాలంటే ఆ గుండ్రం తిరిగేదే ఒక ఓవర్ తింటాది. దాంతో పాపం కదలకుండా కూర్చుని అన్ని యాడ్లూ చూసినాడు.

అసలు సంగతి వాళ్ళ బ్యాటింగ్‌లో బయటపడింది. పక్కింటి మామ వాళ్ళకి ఇంకా కేబులే. శ్రీచరణి బాష్‌ని సున్నాకే ఎల్బీ చేసినప్పుడు మా టీవీలో ఆ పిల్ల ఇంకా బౌలింగ్‌కి నడుస్తాంది, పక్కింట్లో ఈలలు. నాయన నా వైపు చూసినాడు, ఏందిది అన్నట్టు. కేబుల్‌కి బొమ్మ శాటిలైట్ నుంచి వస్తాది, అది 36 వేల కిలోమీటర్ల పైనున్నా పోయి రావడానికి పావు సెకనే, ఈ నెట్‌లో వచ్చేదేమో వీడియోని చిన్న చిన్న ముక్కలు చేసి పంపిస్తారు, ఆగకుండా ఆడాలని టీవీ కొన్ని ముక్కలు ముందే దాచుకుంటాది, అందుకే లేటు అని చెప్పినా. "మజ్జిగ చిలికి వెన్న తీసినాక మనకి పోస్తాండారన్నమాట" అన్నాడు.

వాళ్ళ కెప్టెన్ వోల్వార్ట్ సెంచరీ కొట్టి ఇంకా నిలబడే ఉంది, అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. అప్పుడు పక్కింట్లోంచి "ఆ!" అని ఒక కేక, వెంటనే "అయ్యో!", మళ్ళీ "అయ్యయ్యో!", ఆనక ఇల్లు కూలినంత అరుపు. మాకేం అర్థం కాలా. అవుటా, క్యాచ్ వదిలేసినారా? మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తాంటే అప్పుడొచ్చింది మా టీవీలో ఆ బాల్. అమన్‌జోత్ ఉరుక్కుంటా వచ్చి పట్టింది, జారింది, మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది, మూడోసారి దొరికింది. పక్కింటోళ్ళ కేకలు సరిగ్గా లెక్కకి సరిపోయినాయి. నిజం చెప్పాలంటే అట్లా చూడడంలో కూడా ఒక మజా ఉంది, నాకే నచ్చింది, నాయనకి చెప్పలేదు.

ఆయన లేచి పోయి పక్కింటి వైపు కిటికీ మూసేసినాడు. ఏం లాభం, 46వ ఓవర్‌లో వాళ్ళ ఆఖరి వికెట్ డి క్లెర్క్ ఇంకా గార్డ్ తీసుకుంటాంటే వీధిలో టపాకాయలు పేలినాయి. మన కెప్టెన్ హర్మన్ వెనక్కి పరిగెత్తి ఆ క్యాచ్ పట్టింది, మనోళ్ళు కప్పు గెల్చింది మేం తీరిగ్గా చూసినాం. అయినా అమ్మ ఏడ్చింది, అది వేరే సంగతి.

పొద్దున పాలప్యాకెట్‌కి పోతే మామ గేటు దగ్గర కనపడి, "ఏమబ్బీ, మీరు కేబుల్ తీసేసినారంట గదా, బొమ్మ బాగొస్తాందంట, మేం కూడా మార్చాలనుకుంటాండాం, ఆ పాస్‌వర్డేదో చెప్తావా" అన్నాడు. అది మా బావది మామా, అడిగి చెప్తా అని తప్పించుకుని ఇంటికొచ్చి నాయనకి చెప్పినా.

పేపర్ పక్కన పెట్టి, "ఇచ్చేయ్ రా. ఈ రోజే ఇచ్చేయ్. వాళ్ళు కూడా లేటుగానే చూస్తారు" అన్నాడు.