కుక్కరు చప్పుడు అనుకున్నాను

ఆ సాయంత్రం పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతోంది. పెరట్లో ఆరేసిన బట్టలు మంచుకు తడవకముందే తెద్దామని వెళ్లాను. ఫిబ్రవరి నెల, మా వైపు కోతలు మొదలైన రోజులు. గడ్డివామి వెనక లైటు వెలుతురు పడదని తెలుసు. అయినా టార్చి తీసుకోలేదు. నాలుగు బట్టలకు టార్చి ఎందుకనుకున్నాను. బుస్సుమని పొడుగ్గా ఒక చప్పుడు వినిపించింది. "అత్తయ్యా, కుక్కరు చూడండి" అని లోపలికి కేకేసి ఇంకో అడుగు వేశాను.

పదిహేనేళ్లుగా ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. రక్తపింజర బుస ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, "కుక్కరు విజిల్ వేసే ముందు ఆవిరి వదులుతుందే, అలా" అని చెప్పేదాన్ని. నా పోలిక నాకే అంత బాగా సరిపోతుందని ఎప్పుడూ అనుకోలేదు.

కుడి పాదం మీద, చిటికెనవేలికి పైన, ఎర్రగా కాల్చిన చువ్వ దించినట్టయింది. ఇంట్లోకి కుంటుకుంటూ వచ్చి చూసుకుంటే రెండు చుక్కలు. రెండింటి నుంచీ నెత్తురు సన్నగా కారుతోంది, ఎంత తుడిచినా ఆగడం లేదు. ఏ పామో చూడనక్కర లేకుండానే అర్థమైంది. అప్పుడు నేను చేసిన మొదటి పని తువ్వాలు తీసి మోకాలి కింద బిగించి ముడివేయడం. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి నన్నే చూస్తూ, "అమ్మా, కట్టకూడదని నువ్వే కదా చెబుతావు!" అన్నాడు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని బడుల్లో చెప్పానో ఆ మాట. పింజర విషాన్ని ఒకచోట బంధిస్తే అక్కడి కండ కుళ్లుతుందని బొమ్మలు గీసి మరీ చెప్పాను. భయం ముందు ఆ బొమ్మలేవీ గుర్తుకు రాలేదు. ముడి వాడే విప్పాడు.

తర్వాత గొడవ మెట్టెల దగ్గర వచ్చింది. కాలు వాచేలోపు పట్టీలు, మెట్టెలు తీసేయాలి. పట్టీ తీశారు గానీ మెట్టె దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "మగడు ఎదురుగా ఉండగా మెట్టె తీయడమేమిటమ్మా" అన్నారు. వాదించే ఓపిక నాకు లేదు. నెల్లూరులో నర్సమ్మ కత్తెర లాంటి పనిముట్టుతో దాన్ని కోసి తీసేసరికి వేలు వంకాయలా నిగనిగలాడుతోంది. ఆ వెండి ముక్కలు రెండూ అత్తయ్య ఇప్పటికీ దేవుడి గూట్లో పెట్టుకున్నారు.

మా ఊరు ఆత్మకూరు దగ్గర, సోమశిల నీళ్లు పారే చోటు. దారిలో మొదట ఆగిన ఆసుపత్రిలో విరుగుడు మందు లేదన్నారు, అరగంట అక్కడే పోయింది. సంగం దాటాక చిగుళ్లలో ఉప్పగా తగిలింది. బుచ్చిరెడ్డిపాలెం వచ్చేసరికి ఉమ్మితే నెత్తురు.

నెల్లూరులో డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ చెయ్యి తడబడలేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, కిటికీ పక్కన నిలబెట్టి, "ఎవరూ కదపకండి" అంది. ఇరవై నిమిషాల పరీక్ష. మామూలు రక్తమైతే ఈలోగా గడ్డకట్టి, గొట్టం వంచినా జారదు. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ముందే రెచ్చగొట్టి ఖర్చు చేయించేస్తుంది, ఆ తర్వాత గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. ఈ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో. కానీ ఆ గొట్టంలో ఉన్నది నా రక్తమైనప్పుడు ఇరవై నిమిషాలు ఎంత పొడుగో ఏ పాఠంలోనూ లేదు. డాక్టరమ్మ గొట్టాన్ని పక్కకు వంచింది. బీట్‌రూట్ కడిగిన నీళ్లలా అటు నుంచి ఇటు జారింది.

విరుగుడు మందు పది వయల్స్, అంటే పది చిన్న సీసాలు, సెలైన్‌లో కలిపి ఎక్కించారు. కాసేపటికే ఒంటి నిండా దద్దుర్లు, పళ్లు కొట్టుకునేంత చలి. పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించిన గుర్రం రక్తం నుంచి తీసిన మందు కదా, ఒళ్లు ఎదురు తిరగడం మామూలే. తొడకు ఎడ్రినలిన్ ఇచ్చి, కాస్త ఆపి మళ్లీ ఎక్కించారు. కొన్నేళ్ల క్రితం మా పిల్లలను చెన్నై దగ్గరి వడనెమ్మేలికి తీసుకెళ్లి, పాములు పట్టే ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం వాళ్లు పాము కోరల నుంచి విషం తీయడం చూపించాను. ఆ పసుపుపచ్చని చుక్కలే గుర్రాల మీదుగా నా నరంలోకి వస్తున్నాయని ఆ మగతలోనూ గుర్తొచ్చింది. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు అన్ని ప్రాంతాల పాముల మీదా ఒకేలా పనిచేయదని పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. అదీ అప్పుడే గుర్తొచ్చింది. చదువు వల్ల ఇలాంటి బాధలూ ఉన్నాయి.

ఆరు గంటల తర్వాతా గొట్టంలో రక్తం నీళ్లలాగే ఉంది. ఇంకో పది వయల్స్. తెల్లారాక చేసిన పరీక్షలో గొట్టం వంచితే రక్తం కదల్లేదు. మా ఆయన ఆ గొట్టాన్నే చూస్తూ ఏడ్చాడు.

గండం గడిచిందనుకున్నాం. అసలుది ఆ తర్వాత మొదలైంది. మూత్రం ముందు డికాక్షన్ రంగులో వచ్చింది, తర్వాత తగ్గిపోయింది. మూడో రోజు మొత్తం కలిపినా 120 మిల్లీలీటర్లు. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుందే తప్ప అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను బాగుచేయలేదు. మూత్రపిండాలు వడపోయాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో ఒకటి దగ్గర ఉండాల్సింది 6.8కి చేరింది. మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు, ఒక్కోసారి నాలుగు గంటలు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. గ్లాసు నీళ్లకు కూడా లెక్క చెప్పాలి. మా ఆయన కొలత గీతలున్న సీసా, చిన్న పుస్తకం పెట్టుకుని, బ్యాంకు గుమస్తాలా రోజుకు నాలుగుసార్లు అంకెలు రాసేవాడు. ఆరో డయాలసిస్ అయ్యాక, పన్నెండో రోజున మూత్రం 400 మిల్లీలీటర్లని రాశాడు. ఆ తర్వాత 900. పదిహేనో రోజున రెండు లీటర్లు దాటితే అత్తయ్య వార్డులో అందరికీ అరటిపళ్లు పంచారు. ఎందుకని అడిగినవాళ్లకు ఏం చెప్పారో నేను అడగలేదు.

ఇంటికొచ్చాకా మూడు నెలలు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమైతే పాదం వాపు. పింజర కాటు ఒక్కోసారి మెదడు కింది పిట్యూటరీ గ్రంథినీ దెబ్బతీస్తుంది, అది చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అందుకని ఆరు నెలలకు హార్మోన్ల పరీక్షలూ చేయించారు, బాగానే ఉన్నాయి. క్రియాటినిన్ 1.1 దగ్గర నిలిచింది. కుక్కరు మాత్రం అటక ఎక్కింది. ఆవిరి చప్పుడుకు నా చెయ్యి వణికేది. రెండు నెలలు పప్పు గిన్నెలోనే ఉడికింది.

ఆ రాత్రి మా కారు కదలగానే ఊరివాళ్లు కర్రలతో గడ్డివామిని చుట్టుముట్టారట. ఏడడుగుల పామును చంపారు. ఫొటో చూశాను. జెర్రిపోతు. విషం లేదు, ఎలుకలను తిని బతుకుతుంది. కరిచిన పింజర ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేదీ వీళ్లే. నాగుపాముకే గానీ పింజరకూ జెర్రిపోతుకూ ఆ మర్యాద లేదు.

1796లో కోరమాండల్ తీరపు పాముల గురించి రాసిన స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఈ పింజరకు మనవాళ్లు చెప్పిన పేరే రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. కాటుకతో అంచు దిద్దిన ఆ మచ్చలను అంత దగ్గరగా చూసి పేరు పెట్టినవాళ్లకు దాని తీరూ తెలిసే ఉంటుంది. మా పొలాల్లో ఎలుకలు పట్టే యానాది పెద్దాయన నన్ను చూడటానికి వచ్చి, మంచం దగ్గర గొంతుకూర్చుని, "పింజర పక్కకు పోదమ్మా, ఎండుటాకుల్లో తానూ ఒక ఆకనుకుని పడుకుంటుంది. పోవాల్సింది మనమే" అన్నాడు. ఆ తర్వాత నాకు బూట్లు వచ్చాయి, పెరట్లో లైటు వచ్చింది. గడ్డివామి ఇంటికి ఇరవై గజాల అవతలికి జరిగింది. మామయ్య మూడు రోజులు సణిగారు.

ఎనిమిదేళ్లుగా నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. మా చుట్టుపక్కల కనబడిన ప్రతి పాముకూ ఒక వరుస: తేదీ, పాము, చోటు, ఎవరు చూశారు, ఏమైంది. చివరి గడిలో మొదట్లో అన్నీ "చంపేశారు"లే. రానురాను "వదిలేశారు" ఎక్కువవుతుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. కోలుకున్నాక పుస్తకం తెరిస్తే, నేను ఆసుపత్రిలో ఉండగా మా అబ్బాయి రెండు వరుసలు నింపి పెట్టాడు. మొదటిది జెర్రిపోతు, గడ్డివామి, ఊళ్లోవాళ్లు, చంపేశారు. రెండోది పింజర, గడ్డివామి వెనక. "ఎవరు చూశారు" అన్న గడిలో, "ఎవరూ చూడలేదు, అమ్మ తొక్కింది" అని ఉంది. చివరి గడి ఖాళీగా వదిలాడు. నేనూ నింపలేదు.